మన సైటు, వాళ్ల బొటనవేలు

(వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లూ చేయించుకునేవాళ్లూ కలిసిన ఒక సభలో ఇచ్చిన ప్రసంగానికి అక్షరరూపం)

వెనక వరుసలో వాళ్లకి వినిపిస్తోందా? సరే.

అందరికీ నమస్కారం. ఇలాంటి సభల్లో ముందుగా ఫోన్లు సైలెంట్‌లో పెట్టమంటారు. నేను బయటికి తీయమంటున్నాను. మీలో చాలామంది ఏదో ఒక సైటు చేసినవాళ్లో, చేయించుకున్నవాళ్లో అయ్యుంటారు. దాన్ని తెరవండి. హాల్లో వైఫై ఉంది, వద్దు, మొబైల్ డేటా మీదే తెరవండి. తెరిచారా? ఇప్పుడు లేచి నిలబడండి. ఒక చేతిలో మీ బ్యాగు పట్టుకోండి. ఫోన్ పట్టుకున్న చేతి బొటనవేలు ఒక్కదానితోనే మీ సైటులో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఏదో అది చేయండి. ఫారం నింపడమో, ఏదైనా వెతకడమో, కాంటాక్ట్ నంబరు పట్టుకోవడమో. ఒక్క నిమిషం.

(కాసేపాగి) కూర్చోండి. మొహాలు చూస్తే తెలుస్తోంది. ఆ చివర ఆయన బ్యాగు కింద పెట్టేసి రెండో చెయ్యి వాడారు, నేను చూశాను. (నవ్వులు)

నా సంగతి చెప్తాను. కొన్నేళ్ల కిందట ఒక శిక్షణ సంస్థకి దరఖాస్తు ఫారం చేసిచ్చాను. పేరు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, చిరునామా, చివర ‘సమర్పించండి’ అనే బటన్. అంతే, పెద్ద పనేం కాదు. ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ విండోని అంచు పట్టుకుని లాగి సన్నగా చేసి చూశాను. గడులన్నీ ఒకదాని కింద ఒకటి బుద్ధిగా సర్దుకున్నాయి. ‘మొబైల్‌లో కూడా పనిచేస్తుంది’ అని మెయిల్ రాసి, డబ్బులు తీసుకుని, మర్చిపోయాను.

వారం తిరక్కుండా ఫోను. ‘బటన్ లేదంటున్నారండీ’ అని. ‘ఉందండీ, కింద ఉంటుంది, సరిగ్గా చూడమనండి’ అన్నాను. రెండు రోజులాగి మళ్లీ అదే ఫోను. విసుగొచ్చి చివరికి అక్కడికే వెళ్లాను. దరఖాస్తు పెట్టడానికి వచ్చిన ఒకావిడ పక్కన కూర్చున్నాను. చిన్న ఫోను, తెర మీద ఓ మూల పగులు. చూపు ఆనక అక్షరాల సైజు పెద్దది చేసుకుంది. చిరునామా గడి మీద తట్టింది. కీబోర్డు లేచింది, సగం తెర పోయింది. పైన నేను ముచ్చటపడి అతికించిన హెడర్, లోగోతో సహా, కదలదు. కింద ‘సహాయం కావాలా?’ అనే పట్టీ, అదీ కదలదు, పైగా కీబోర్డు నెత్తినెక్కి కూర్చుంది. మధ్యలో మిగిలింది రెండు వరుసల సందు. ఆ సందులోంచి ఆవిడ నా ఫారం చూస్తోంది. బటన్ ఉంది, ఆ పట్టీ వెనక. ఎంత జరిపినా వెనకే.

ఆవిడ నావైపు చూసి, ‘నా ఫోనే మంచిది కాదులే బాబూ’ అంది.

తప్పు నాది, తిట్లు ఆ ఫోనుకి. అసలు భయపడాల్సింది దానికే. ఫిర్యాదు చేసేవాళ్లు కొద్దిమంది. మిగతావాళ్లు తమ ఫోన్‌నో, నెట్‌నో, తమ చేతకానితనాన్నో అనుకుని వెళ్లిపోతారు. మనకి ఆ సంగతే తెలియదు.

విండోని సన్నగా చేస్తే మారేది వెడల్పు ఒక్కటే. కీబోర్డు లేవదు, వేలు అడ్డం రాదు, ఎండ పడదు, సిగ్నల్ పడిపోదు, ప్రాసెసర్ ఆయాసపడదు. నేను మాట్లాడదామనుకుంటున్నది ఆ మిగతావాటి గురించి. వెడల్పు సంగతి ముందే తేల్చేస్తాను, ఎందుకంటే అది సులువైన భాగం.

2007లో మొదటి ఐఫోన్ వచ్చేనాటికి సైట్లన్నీ పెద్ద తెరల కోసం కట్టినవే. ఆ ఫోన్ వెడల్పు 320 పిక్సెళ్లు. అందులో ఏ సైటూ పట్టదు. ఆపిల్‌వాళ్లు ఒక కిటుకు చేశారు. ఫోన్‌లోని వాళ్ల బ్రౌజర్ సఫారీ తన వెడల్పు 980 పిక్సెళ్లని అబద్ధం చెబుతుంది. పేజీని ఆ కొలతకి గీసి, తర్వాత మొత్తాన్ని కుదించి చూపిస్తుంది. అందుకే అప్పట్లో చీమల్లాంటి అక్షరాలు, రెండు వేళ్లతో సాగదీసుకుని చదవడం. ఆ అబద్ధం ఈరోజుకీ నడుస్తోంది. మనం చెప్పకపోతే ఇప్పటి ఫోన్ బ్రౌజర్లు కూడా దాదాపు అదే వెడల్పు అనుకుంటాయి. చెప్పే పద్ధతే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్, తెర మీద ఉంది చూడండి. ‘విడ్త్ అంటే డివైస్ విడ్త్, ఇనీషియల్ స్కేల్ 1.’ పేజీ వెడల్పు అంటే ఫోన్ తెర వెడల్పే అని చెప్పే ఒక్క లైను. ఇది లేకపోతే మిగతా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. పాత రోజుల్లో ఫోన్‌లో లింకు తడితే దాదాపు 300 మిల్లీసెకన్లు ఏమీ జరిగేది కాదు. రెండోసారి తట్టి జూమ్ చేస్తారేమోనని బ్రౌజర్ కాచుకుని ఉండేది. ఈ ట్యాగ్ సరిగ్గా ఉన్న పేజీల్లో ఇప్పటి బ్రౌజర్లు అలా కాచుకోవు. అయితే కొందరు ఈ లైనుకే ఇంకో ముక్క తగిలిస్తారు, జూమ్ చేయనివ్వొద్దని. ఎందుకంటే డిజైన్ చెదిరిపోతుందట! చూపు తక్కువైనవాళ్లకి ఉన్న ఒక్క దారీ మూసేయడం అది. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 10 నుంచి సఫారీ ఆ మాట వినడమే మానేసింది. మంచి పని చేసింది.

తర్వాత, 2010 మేలో ఈథన్ మార్కాట్ అనే డిజైనర్ రాసిన ఒక వ్యాసంతో ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ అన్న మాట పుట్టింది. అంతకుముందు మొబైల్‌కి వేరే సైటు ఉండేది, అడ్రసు ముందు ‘ఎం’ అక్షరం, చుక్క. రెండు సైట్లుంటే ఒకటి ఎప్పుడూ పాతబడి ఉంటుంది, అది ఏదో మీకు తెలుసు. మార్కాట్ చెప్పింది ఒకే పేజీ, చోటుని బట్టి ఒదిగేది. శాతాల్లో సాగే గడులు, పెట్టెకి తగ్గట్టు కుదించుకునే బొమ్మలు, వెడల్పుని బట్టి రూపు మార్చే మీడియా క్వెరీలు. ఇప్పుడు గడుల్ని చోటుని బట్టి వాటంతటవే సర్దే ఫ్లెక్స్, గ్రిడ్ అనే పద్ధతులు వచ్చాక ఆ క్వెరీల అవసరం కూడా సగం తగ్గింది.

సీఎస్ఎస్, అంటే పేజీ రూపురేఖలు చెప్పే కోడ్, రాసేటప్పుడు చిన్న తెరకి ముందు రాయండి, పెద్ద తెరకి పైన చేర్చుకుంటూ పోండి. కోడ్ తేలికవుతుందని ఒక కారణం. నాకు నచ్చిన కారణం వేరే ఉంది. హోమ్ పేజీలో పైన ఏముండాలని ఆఫీసులో ముగ్గురిని అడగండి, ముగ్గురూ తమదే అంటారు. పెద్ద తెర మీదైతే ముగ్గురినీ పక్కపక్కన కూర్చోబెట్టి సర్దిచెప్పొచ్చు. ఫోన్‌లో ఒకరి వెనక ఒకరు నిలబడాల్సిందే. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న గొడవ మొదటిరోజే తేలిపోతుంది.

ఏ ఫోన్ మోడల్‌కి ఎంత వెడల్పు అని పట్టిక తయారుచేసుకోవద్దు, అది ఎప్పటికీ పూర్తి కాదు. పేజీ ఎక్కడ చెడుతోందో అక్కడ మార్చండి. అడుగున 320 పిక్సెళ్ల దాకా పక్కకి జరపాల్సిన పని రాకూడదు. 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 అనే యాక్సెసిబిలిటీ ప్రమాణం అడిగేది కూడా అదే. పేజీ పక్కకి జారుతోందంటే దొంగ ఎక్కడో ఒక్కడే ఉంటాడు. విరగని పొడుగాటి వెబ్ అడ్రసో, కొలత కట్టేసిన బొమ్మో, పట్టికో. పట్టికని దాని పెట్టెలో దాన్నే జరుపుకోనివ్వండి, పేజీ మొత్తాన్ని లాగొద్దు.

ఇక వేలు. మౌస్ బాణం మొన ఒక పిక్సెల్. పైగా అది దేన్నీ కప్పదు. వేలు తాను నొక్కేదాన్నే కప్పేస్తుంది. ఆపిల్ 44 పాయింట్లు ఉండాలంటుంది, గూగుల్ ఆండ్రాయిడ్‌లో 48 అంటుంది. 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 కనీసం 24 పిక్సెళ్లంటుంది. అది పాస్ మార్కు మాత్రమే. బొమ్మ చిన్నదిగా ఉన్నా ఫరవాలేదు, చుట్టూ ప్యాడింగ్, అంటే ఖాళీ చోటు, పెంచితే నొక్కే చోటు పెరుగుతుంది. ‘సేవ్’ పక్కనే ఆనించి ‘డిలీట్’ పెట్టిన మహానుభావుల సైట్లు నేను వాడాను. నా పాపం పండినట్టనిపించింది. (నవ్వులు) మరొకటి, వేలికి ‘హోవర్’ అంటూ ఉండదు. మౌస్ పైన పెడితే తెరుచుకునే మెనూలో ఏదన్నా దాచారా, ఫోన్‌లో అది లేనట్టే.

ఇప్పుడు ఫారాలు. ఇక్కడ కాస్త ఆగుదాం. ఫోన్‌లో జనం అన్నీ చదవగలరు, ఆగిపోయేది ఇక్కడే.

ఒకటి, గడిలో అక్షరాల సైజు 16 పిక్సెళ్లకి తగ్గితే ఐఫోన్‌లో ఆ గడి తట్టగానే పేజీ దానంతటదే జూమ్ అవుతుంది. తర్వాత వెనక్కి రాదు. మనిషి పేజీలో ఓ మూల ఇరుక్కుని ‘ఇదేంట్రా’ అనుకుంటాడు. మందు ఏంటంటే 16 పెట్టడం, అంతే.

రెండు, ఏ గడికి ఏ కీబోర్డు. ఫోన్ నంబరు గడికి ‘టెల్’ అని రాస్తే పెద్ద పెద్ద అంకెలు వస్తాయి. మెయిల్‌కి ‘ఈమెయిల్’ అంటే ఆ సున్నా చుట్టిన ‘ఎ’ గుర్తు ముందే కనపడుతుంది. ఓటీపీలాంటివాటికి ‘ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్’. ‘నంబర్’ రకం గడి మాత్రం లెక్కపెట్టే సంఖ్యలకే ఉంచండి. ఓటీపీ లెక్కపెట్టేది కాదు, కూడేది కాదు. దానికి పైకీ కిందికీ బాణాలెందుకు? అలాగే ‘ఆటోకంప్లీట్’ విలువలు సరిగ్గా రాస్తే పేరు, నంబరు, చిరునామా ఫోనే నింపేస్తుంది. ‘వన్ టైమ్ కోడ్’ అని రాస్తే మెసేజీలో వచ్చిన అంకెల్ని చాలా ఫోన్లు కీబోర్డు మీదికే తెచ్చిపెడతాయి. ఈ నాలుగైదు మాటలు రాయడానికి మనకి పది నిమిషాలు. అవి లేకపోతే అవతల ప్రతి మనిషీ ప్రతిసారీ ఆ శ్రమ పడతాడు.

మూడు, పుట్టిన తేదీ. నా ఫారంలో అందమైన క్యాలెండర్ పెట్టాను. ఈ నెలతో తెరుచుకుంటుంది, వెనక్కి వెళ్లడానికి చిన్న బాణం. అరవై ఏళ్ల పెద్దాయన తన పుట్టిన నెలకి చేరాలంటే ఏడాదికి 12 సార్లు, 60 ఏళ్లకి 720 సార్లు ఆ బాణం నొక్కాలి. 720! నేను పరీక్షించినప్పుడు ఎప్పుడూ ఆ రోజు తేదీయే ఎంచుకునేవాణ్ణి, నాకేం కష్టం కనపడలేదు. రోజు, నెల, సంవత్సరం అని మూడు గడులిచ్చి కొట్టుకోమంటే ఎనిమిది అంకెలతో పోతుంది.

నాలుగోది చాలామందికి తట్టనిది. ఓటీపీ కోసం మనిషి మెసేజీల్లోకి వెళ్తాడు. మెమరీ తక్కువున్న ఫోన్ ఆ కాసేపట్లోనే బ్రౌజర్‌ని పక్కకి నెట్టేస్తుంది. తిరిగొచ్చేసరికి పేజీ కొత్తగా లోడవుతుంది, నింపినవన్నీ ఖాళీ. మన కొత్త ఫోన్లలో ఇది కనపడదు కాబట్టి మనం నమ్మం. నింపుతున్నకొద్దీ బ్రౌజర్ లోకల్ స్టోరేజీలో దాచి, మళ్లీ తెరిస్తే పెట్టేయండి. పాస్‌వర్డ్‌లూ కార్డు వివరాలూ మాత్రం దాచకండి. అన్నట్టు, గడిలో పేస్టు చేయనివ్వకుండా ఆపేవాళ్లున్నారు, సెక్యూరిటీ అని. వాళ్లతో నాకు వాదించే ఓపిక అయిపోయింది.

తెర ఎత్తు గురించి ఒక్క మాట. సీఎస్ఎస్‌లో ఎత్తు ‘100 వీహెచ్’, అంటే తెర ఎత్తులో నూటికి నూరు, అని రాస్తే తెర నిండుగా వస్తుందనుకుంటాం. ఫోన్‌లో పైనో కిందో అడ్రస్ బార్ వస్తూ పోతూ ఉంటుంది. అది లేనప్పటి ఎత్తునే బ్రౌజర్ లెక్కేస్తుంది, అది ఉన్నప్పుడు మన పేజీ అడుగుభాగం తెర బయట పడుతుంది. అడుగున ఏముంటుంది? బటనే ఉంటుంది! 2022లో బ్రౌజర్లలోకి ‘డీవీహెచ్’, ‘ఎస్‌వీహెచ్’ అనే కొలతలు వచ్చాయి. మొదటిది బార్ వచ్చిపోయేకొద్దీ మారే ఎత్తు, రెండోది బార్ ఉన్నప్పటి ఎత్తు. అవి వాడండి. తెరకి అతుక్కునే హెడర్లు కూడా తగినంత ఎత్తున్న తెరల్లోనే అతుక్కునేలా రాయొచ్చు. మీడియా క్వెరీ వెడల్పుకే కాదు, ఎత్తుకీ ఉంది.

వేగం దగ్గరికొద్దాం. రెండు రకాల ఆలస్యాలుంటాయి, దారిలో ఒకటి, ఇంటికొచ్చాక ఒకటి.

దారిలోది నెట్. మన పేజీలో మొదటి అక్షరం కనపడకముందే ఫోన్‌కీ సర్వర్‌కీ మధ్య కొన్ని రాకపోకలు జరగాలి. అడ్రసు కనుక్కోవడం, కనెక్షన్ కలపడం, భద్రత ఒప్పందం, ఆ తర్వాత పేజీ అడగడం. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ప్రతి రాకపోకా బరువే. ఫాంటు ఒక చోటునుంచి, బొమ్మలు ఇంకో చోటునుంచి, ఎంతమంది వచ్చారో లెక్కకట్టే స్క్రిప్టు మరో చోటునుంచి తెప్పిస్తే ఒక్కోదానికీ ఈ తతంగం మళ్లీ మొదలు.

బొమ్మల లెక్క చూడండి. కెమెరా ఫోటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు అనుకుందాం. 1 కోటి 20 లక్షల పిక్సెళ్లు. ఫోన్‌లో అది కూర్చునే చోటు 360 వెడల్పు. ఒక్కో పిక్సెల్ వెడల్పులో మూడేసి చుక్కలు పట్టే నాణ్యమైన తెరే అయినా కావలసింది 1080 వెడల్పు, 810 ఎత్తు, అంటే 9 లక్షల లోపు. మనం పంపేది దానికి 13 రెట్ల పైమాటే. ఆ డేటా ఎవరి ఖాతాలోంచి పోతోంది? వాళ్లదే. ‘ఎస్ఆర్‌సీ సెట్’ రాసి నాలుగు సైజులివ్వండి, ఫోన్ తనకి సరిపడేది ఎంచుకుంటుంది. వెబ్‌పీ, ఏవీఐఎఫ్ ఫార్మాట్లలో బరువు ఇంకా తగ్గుతుంది. కింద ఎక్కడో ఉన్న బొమ్మలకి ‘లోడింగ్ లేజీ’ పెట్టండి, అక్కడి దగ్గరికి వచ్చాకే దిగుతాయి. కానీ పైన మొదట కనపడే పెద్ద బొమ్మకి పెట్టకండి. అన్నిటికీ గుడ్డిగా పెట్టేసి, సైటు ఇంకా నిదానించిందని నన్ను అడిగినవాళ్లున్నారు.

ఇంటికొచ్చాక ఆలస్యం జావాస్క్రిప్ట్‌ది, అంటే పేజీతోపాటు వచ్చి ఫోన్‌లో నడిచే ప్రోగ్రాములది. 200 కిలోబైట్ల బొమ్మా, 200 కిలోబైట్ల స్క్రిప్టూ దారిలో ఒకే బరువు. దిగాక వేరు. బొమ్మని విప్పి చూపిస్తే పని అయిపోతుంది. స్క్రిప్టుని చదవాలి, అర్థం చేసుకోవాలి, నడపాలి. అది నడుస్తున్నంతసేపూ మీరు తట్టింది బ్రౌజర్‌కి వినపడదు. పాత ఫోన్‌లో బటన్ కనపడుతూనే ఉంటుంది, నొక్కితే పలకదు. మళ్లీ నొక్కుతారు, మళ్లీ నొక్కుతారు, చివరికి మూడు ఆర్డర్లు వెళ్తాయి. ఒక మెనూ తెరవడానికి, ఒక బొమ్మ జరపడానికి అంత పెద్ద లైబ్రరీ కావాలా అని ప్రతిసారీ అడగండి.

గూగుల్ కొలతలు మీరు వినే ఉంటారు. పెద్ద భాగం కనపడడానికి 2.5 సెకన్లు, తట్టిందానికి స్పందన 200 మిల్లీసెకన్లు, పేజీ ఉలికిపాటు స్కోరు 0.1 లోపు. ఈ స్పందన కొలత, ఐఎన్‌పీ, 2024 మార్చిలో పాతదాని చోటుకి వచ్చింది. నాకు నచ్చేది ఏంటంటే వీటిని సగటు చూసి ఇవ్వరు. సందర్శనల్లో నాలుగింట మూడు వంతులు ఆ గీత లోపల ఉండాలి. మీ ఒక్కడి ఫోన్‌లో బాగుంటే చాలదన్నమాట. ఉలికిపాటు అంటే, లింకు నొక్కబోతుంటే పైన ప్రకటన వచ్చి అంతా కిందికి దిగి, మీ వేలు ప్రకటన మీద పడడం. బొమ్మలకి వెడల్పూ ఎత్తూ కోడ్‌లో రాస్తే బ్రౌజర్ ఆ చోటు ముందే అట్టిపెడుతుంది. చాలావరకు దాంతో సరి.

తెలుగు సైట్లు చేసేవాళ్లకి ఒక చిన్న సంగతి. ఇంగ్లీషు టెంప్లేటు తెచ్చి అందులో తెలుగు పోస్తే వరుసల మధ్య దూరం చాలదు. పై వరుస వత్తు కింది వరుస గుడిని కొడుతుంది. అక్షరాల సైజుకి 1.6 నుంచి 1.8 రెట్ల దాకా ఇచ్చి చూడండి. బటన్‌కి ఎత్తు కట్టేస్తే వత్తులు తెగిపోతాయి. పైగా ఇంగ్లీషులో ఆరక్షరాల ‘సబ్మిట్’ మనకి ‘సమర్పించండి’ అయ్యేసరికి బటన్ పొంగుతుంది. వెడల్పు కట్టేయకండి. మన ఫాంటు ఫైళ్లు కూడా బరువే, ఇన్ని గుణింతాలూ వత్తులూ ఉన్నాయి మరి. ఫాంటు దిగేలోపు ఫోన్‌లో ఉన్న ఫాంటుతో చూపించమని ‘స్వాప్’ పెట్టండి, ఖాళీ తెర చూపించొద్దు.

పరీక్ష ఎలా అంటారా, ఒక పాత ఫోన్ కొనండి, చవకది. కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేస్తే ఆ ఫోన్‌లో తెరిచిన పేజీని క్రోమ్‌లోనే విప్పి చూడొచ్చు. ఎండలోకి తీసుకెళ్లండి, ఆ లేత బూడిదరంగు అక్షరాలు ఏమయ్యాయో కనిపిస్తుంది. తర్వాత సైటుతో సంబంధం లేని ఒకరి చేతికివ్వండి. పని చెప్పండి, దారి చెప్పొద్దు. అన్నిటికన్నా కష్టం, నోరు మూసుకుని కూర్చోండి. ‘అక్కడ కాదు, కింద’ అనాలని నాలుక దురద పెడుతుంది. ఆ దురద పెట్టిన చోటే రాసుకోండి, మరమ్మతు అక్కడే.

నా టైము దాదాపు అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: ఇంత కష్టమెందుకండీ, యాప్ చేసేస్తే సరిపోదా?)

రోజూ వచ్చేవాళ్లకి యాప్ మంచిదే. కానీ మీ పేరు మొదటిసారి విన్నవాడు లింకు తడతాడు, యాప్ దించుకోడు. ఆ మొదటి తట్టు పడేది సైటు మీదే.

(ఇంకొక శ్రోత: మా క్లయింటు పెద్ద మానిటర్ మీద చూసి ఓకే చేస్తారు. ఫోన్‌లో చూడనే చూడరు.)

నాకూ అదే బాధ ఉండేది. ఇప్పుడు మీటింగుకి ల్యాప్‌టాప్ తీసుకెళ్లడం మానేశాను. ఆయన ఫోన్‌కి లింకు పంపించి, ‘చూడండి’ అంటాను. పెద్ద తెర సంగతి రెండో మీటింగులో.

(మరో శ్రోత: ఆ ఫారం ఏమైంది సార్?)

హెడర్‌ని వదిలేశాను, పేజీతోపాటు పైకి పోతుంది. సహాయం పట్టీ పీకేసి, ఆ నంబరు ఫారం చివర రాశాను. తేదీకి మూడు గడులు. అన్నీ కలిపి ఒక మధ్యాహ్నం పని. ఆవిడ దరఖాస్తా? అంతవరకు ఆగే వీలు లేదు, అదే ఆఖరి రోజు. నా ల్యాప్‌టాప్ ఆవిడ ముందు పెడితే మౌస్ అలవాటు లేదంది. ఆవిడ చెబుతుంటే నేనే కొట్టాను. బటన్ మాత్రం ఆవిడ చేతే నొక్కించాను.